వాన లేని సీమలోనూ వదలని చెమ్మ
స్నానాల గదుల్లో బూజుకు కారణాలు.. ఇంటి పట్టున చేసుకోదగ్గ నివారణ మార్గాలు

మంగంపేట: ముగ్గురాయి గనులకు ప్రపంచమంతటా పేరొందిన మంగంపేట పరిసరాల్లో ఎండకు, దుమ్ముకు కొదవ లేదు. చినుకు కోసం ఆకాశం వంక చూసే ఈ సీమలో ఇంటి గోడలకు చెమ్మ పట్టి నల్లని బూజు అల్లుకుంటుందంటే తొలుత నమ్మబుద్ధి కాదు. అయినా ఉమ్మడి కడప జిల్లా తూర్పు మండలాలైన ఓబులవారిపల్లె, రైల్వేకోడూరు, రాజంపేటల్లో స్నానాల గదుల పైకప్పు మూలలను, తలుపు వెనుక భాగాన్ని, టైళ్ల సందులను గమనిస్తే నల్లని చుక్కలు కనిపించే ఇళ్లకు తక్కువ లేదు. ఏటా రంగు వేయించినా రెండు నెలలకే మచ్చలు తిరిగి తేలుతుంటాయి. ఇది కేవలం కంటికి ఇంపు కాని విషయం మాత్రమే కాదు. లోపల ఇనుప కమ్మీకి తుప్పు పట్టి పైకప్పు పెచ్చులు ఊడటానికి, ఉబ్బసం ఉన్న పిల్లలకు రాత్రిపూట దగ్గు ముదరడానికి ఆ చెమ్మే కారణం కావచ్చు. అప్పు చేసి కట్టుకున్న ఇల్లు పది కాలాలపాటు నిలవాలంటే బూజు ఎందుకు పడుతుందో తెలుసుకోవడం మొదటి మెట్టు.

పెరటి నుంచి పడకగది పక్కకు..

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు స్నానం ఇంటి లోపల జరిగేది కాదు. పెరట్లో నాపబండ పరిచి, చుట్టూ తడికలో, మొండిగోడలో కట్టి, నీళ్లు జలదారి గుండా చెట్టు మొదటికి పోయేలా చూసేవారు. పైన కప్పు ఉండేది కాదు. ఎండ, గాలి నేరుగా తగలడంతో జామైనా గడవకముందే బండ ఆరిపోయేది. ఇంటి గోడకు, స్నానపు నీటికి సంబంధమే ఉండేది కాదు. చవుడు మట్టి పరిచిన మిద్దెలు, మందపాటి రాతి గోడలు ఎండ నుంచి కాపు కోసమే తప్ప, లోపలి తేమను భరించడానికి కట్టినవి కావు.

గత రెండు మూడు దశాబ్దాల్లో పరిస్థితి మారింది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం మొదలు ఆ తర్వాత వచ్చిన గృహనిర్మాణ పథకాల వరకు సిమెంటు ఇళ్లు పెరిగాయి. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛభారత్ కార్యక్రమంతో మరుగుదొడ్ల నిర్మాణం ఊపందుకుంది. ఆడవారికి చాటు, వృద్ధులకు సౌకర్యం, అందరికీ పరిశుభ్రత దక్కడం నిస్సందేహంగా మంచి మార్పు. అయితే స్థలం చాలక చాలాచోట్ల స్నానాల గదిని, మరుగుదొడ్డిని కలిపి అయిదారు అడుగుల గదిగా ముగించారు. పెరట్లోని నీళ్లు ఇంట్లోకి వచ్చాయి కానీ, వాటిని ఆర్పిన ఎండా గాలీ వెంట రాలేదు. ఎండ సీమలో బూజు సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

వానలు తక్కువైనా నెలలు కీలకం

ఉమ్మడి కడప జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. జిల్లా తూర్పు భాగంలో ఈశాన్య రుతుపవనాల ప్రభావం అధికం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుపానులతో ముసురు రోజుల తరబడి పట్టుకుంటుంది. 2021 నవంబరు 19న చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయిందంటే ఆ ముసురు తీవ్రత ఎంతో ఊహించవచ్చు.

చన్నీటి కార్తిక స్నానాలు, అయ్యప్ప మాలధారుల రెండు పూటల స్నానాలు కూడా ఇవే నెలల్లో వస్తాయి. చలికి తాళలేనివారు వేడినీళ్లు కాచుకునేదీ అప్పుడే. తెల్లవారుజామున తడిసిన గది సాయంత్రానికి ఆరకముందే మళ్లీ తడుస్తుంది. బయట గాలిలోనూ తేమ ఉండటంతో గోడకు ఆరే వ్యవధి దక్కదు. ఏప్రిల్‌లో ఏమాత్రం కనిపించని మచ్చ డిసెంబరులో పైకి తేలడానికి కారణమిదే.

గోడకు చెమ్మ ఎక్కడి నుంచి?

గాలి వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ ఆవిరిని, చల్లబడినప్పుడు తక్కువ ఆవిరిని మాత్రమే తనలో ఉంచుకోగలదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకుంటుంది. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములు మాత్రమే నిలుపుకోగలదు. మిగిలిన 13 గ్రాములు నీటి బిందువులై చల్లని గోడపై, పైకప్పుపై, అద్దంపై వాలతాయి. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఏడున్నర ఘనపు మీటర్లకు పైగా గాలి ఉంటుంది. అంటే ఒక్క వేడినీటి స్నానం తర్వాత ఆ గాలి పూర్తిగా చల్లబడితే దాదాపు వంద గ్రాముల నీరు ఎవరూ చల్లకుండానే గోడలకు చేరుతుంది. నలుగురున్న ఇంట్లో ఇది రోజూ నాలుగుసార్లు జరిగే వ్యవహారం.

ఆవిరి కాకుండా మరో మూడు దారులున్నాయి. గోడలో పూడ్చిన గొట్టం అతుకు కారడం ఒకటి. పైకప్పు మీది నీటి తొట్టి చుట్టూ ఊట దిగడం, బయటి గోడ బీటల్లోంచి వాననీరు ఇంకడం రెండోది. పునాదిలో తేమ నిరోధక పొర లేకపోవడంతో నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకడం మూడోది. నాలుగింటికీ విరుగుడు వేర్వేరు. కారణం తెలియకుండా రంగు వేయించడమంటే జ్వరం కొలవకుండా మాత్ర వేయడం వంటిదే.

బూజుకు మేత మన చేతులతోనే

బూజు ఒక శిలీంధ్రం. దాని బీజాలు కంటికి కనిపించనంత చిన్నవిగా గాలిలో ఎల్లవేళలా తేలుతూనే ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. అవి మొలకెత్తాలంటే తడి, మేత రెండూ కావాలి. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లోగా ఆరితే చాలా వరకు మొలకెత్తవు. తడి అలాగే నిలిస్తే వేళ్లూనుతాయి.

ఇక మేత విషయానికి వస్తే ఈ ప్రాంతపు నీటి స్వభావం ఒక కారణం. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉన్నచోట సబ్బు సరిగా నురగ రాదు. ఆ లవణాలతో సబ్బు కలిసి పెరుగు తునకల్లాంటి తెల్లని తెట్టె ఏర్పడుతుంది. అది బకెట్ అంచున, కుళాయి చుట్టూ, టైళ్ల సందుల్లో పేరుకుంటుంది. ఒంటి జిడ్డు, తలనూనె, సీకాయ, నలుగుపిండి దానికి తోడవుతాయి. ఈ తెట్టే బూజుకు విందుభోజనం. గట్టి టైలు మీద కాక మెత్తని సందుల్లోనే నలుపు ముందుగా కనిపించడానికి కారణం, అక్కడ తడీ తెట్టే రెండూ నిలవడమే.

ఏది బూజు.. ఏది చవుడు?

గోడ మీద తెల్లగా కనిపించే ప్రతిదీ బూజు కాదు. ఇటుకలు, ఇసుక, నీటిలోని లవణాలు తడితో పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక తెల్లని పొడిగా మిగులుతాయి. దీన్ని జనం చవుడు పట్టిందంటారు. ఆ పొడిపై నీటి చుక్క వేస్తే కరిగి మాయమవుతుంది. బూజు కరగదు, జిగటగా తుడుపుకు వస్తుంది. నల్లని మచ్చ మురికా, బూజా అన్న సందేహం ఉంటే నీటిలో కలిపిన బ్లీచింగ్ ద్రవాన్ని దూదితో ఒక చుక్క అద్దాలి. కొన్ని నిమిషాల్లో రంగు వెలిస్తే బూజు, వెలవకుంటే మురికి అనుకోవచ్చు. తూము చుట్టూ, బకెట్ అడుగున కనిపించే గులాబీరంగు జిగురు తరచూ బ్యాక్టీరియా వల్ల ఏర్పడేది. దాన్ని సబ్బునీటితో రుద్ది కడిగి, ఆరనిస్తే చాలు.

చవుడు కనిపించిందంటే నీరు గోడ లోపలి నుంచి వస్తోందని అర్థం. అక్కడ గాలి ఆడేలా చేయడం ఒక్కటే సరిపోదు. ఊట ఎక్కడుందో వెతకాలి.

ఖర్చు లేని నాలుగు పరీక్షలు

మేస్త్రీని పిలవక ముందే ఇంటివారు స్వయంగా చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి.

మొదటిది ప్లాస్టిక్ కాగితపు పరీక్ష. చెమ్మ ఉన్నచోట గోడను తుడిచి ఆరబెట్టి, అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా గాలి చొరకుండా అతికించాలి. ఒకటి రెండు రోజుల తర్వాత కాగితం పైభాగాన నీటి బిందువులుంటే గదిలోని ఆవిరి కారణం. గోడవైపు తడి కనిపిస్తే లోపలి ఊట కారణం.

రెండోది నీటి తొట్టి పరీక్ష. రాత్రి పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి, తొట్టిలో నీటిమట్టానికి గీత పెట్టాలి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే గొట్టంలోనో, ఫ్లష్ తొట్టిలోనో, నీటి తొట్టిలోనో కారుడు ఉన్నట్లు.

మూడోది నేల పరీక్ష. తూముకు మూత బిగించి, గది నేలపై అంగుళం మేర నీరు నింపి 24 గంటలు ఉంచాలి. కింది గది పైకప్పుకో, పక్కగదికో చెమ్మ తగిలితే నేల కింది నీటి నిరోధక పొర దెబ్బతిన్నట్లు భావించాలి.

నాలుగోది ఉప్పు పరీక్ష. పొడిగా ఉన్న సన్న ఉప్పును చెంచాడు పళ్లెంలో వేసి, నీళ్లు చిందని చోట గదిలో పెట్టాలి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు ఉప్పు చెమ్మగిల్లి నీరు కారుతుంది. బూజు జోరుగా పెరిగేది ఆ స్థాయిలోనే. స్నానాలు ముగిసి చాలాసేపయినా ఉప్పు తడిగానే ఉంటే గది ఆరడం లేదని తెలుసుకోవచ్చు. ఇంట్లో తేమ 60 శాతానికి లోపు ఉండటం మేలు.

గాలే తొలి మందు

ఆవిరి కారణమని తేలితే మొదటి చికిత్స గాలి. స్నానాల గదికి కనీసం ఒక గోడ బయటి గాలివైపు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. ఆ గోడకు వెంటిలేటర్ ఉన్నా అది మూసి ఉంటే లేనట్లే. గనులు, పల్వరైజింగ్ మిల్లులు, లారీలు తిరిగే దారుల పక్కనున్న ఇళ్లలో ధూళికి భయపడి వెంటిలేటర్లకు అట్టలు, గోనెపట్టాలు అడ్డం పెట్టడం కద్దు. ధూళి ఆగుతుంది కానీ ఆవిరీ లోపలే ఆగిపోతుంది. అట్టకు బదులు సన్నని దోమతెర జాలీ బిగించి వారానికోసారి కడుక్కుంటే ధూళిలో కొంత ఆగుతుంది, గాలీ ఆడుతుంది. లారీల రద్దీ తక్కువగా ఉండే వేళల్లో తలుపు కూడా తెరిచి ఉంచాలి.

ఈ ప్రాంతానికి ఒక వరం ఉంది. కోస్తాలో లేని పొడిగాలి ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఉచితంగా దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండ వేళ గంటసేపు వెంటిలేటర్, తలుపు రెండూ తీసి ఉంచితే గది గుల్లలా ఆరిపోతుంది. ఒకవైపు మాత్రమే తెరిస్తే గాలి కదలదు. రావడానికో దారి, పోవడానికో దారి ఉండాలి.

ముసురు రోజుల్లో, వెంటిలేటర్ లేని గదుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ అవసరం. గదిలోని గాలిని గంటకు ఎనిమిది సార్లు మార్చగలిగితే చాలు. పైన చెప్పిన కొలతల గదికి ఇది గంటకు సుమారు 60 ఘనపు మీటర్లు. దుకాణాల్లో దొరికే ఆరంగుళాల ఫ్యాన్ ఇందుకు సరిపోతుంది. దాన్ని పైకప్పుకు దగ్గరగా, బయటి గోడకు బిగించాలి. పడకగదిలోకో, వంటగదిలోకో గాలి వదిలేలా పెట్టరాదు. తలుపు కింద అంగుళం సందు వదలకపోతే ఫ్యాన్ తిరిగినా గాలి కదలదు. స్నానం తర్వాత అరగంట తిప్పాలి. 30 వాట్ల ఫ్యాన్‌ను రోజుకు రెండు గంటలు నడిపినా నెలకు ఖర్చయ్యే కరెంటు రెండు యూనిట్లకు లోపే.

గాలి ఆడటంలో ప్రాణాలకు సంబంధించిన విషయం మరొకటి ఉంది. గ్యాస్ గీజర్‌ను మూసి ఉన్న స్నానాల గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్నవారు స్పృహ తప్పి పడిపోయే వరకు తెలియదు. గ్యాస్ గీజర్‌ను ఎప్పుడూ గది బయట, గాలి బాగా ఆడేచోట అమర్చాలి. బొగ్గుల కుంపటిని స్నానాల గదిలో ఉంచడం కూడా అంతే ప్రమాదం.

రోజూ అయిదు నిమిషాలు

చివరగా స్నానం చేసినవారు గోడల మీది నీటిని రబ్బరు వైపర్‌తో కిందికి లాగి, నేలపై నిలిచిన నీటిని తూములోకి తోస్తే గదిలోని తడి చాలా వరకు పోతుంది. ముందుగా చన్నీళ్లు బకెట్‌లో పోసి ఆపై వేడినీళ్లు కలిపితే ఆవిరి తక్కువ లేస్తుంది. తడి తువ్వాళ్లు, విడిచిన బట్టలు, గోనె పట్టాలు గదిలో వదలరాదు. బకెట్లు, మగ్గులు బోర్లించి పెట్టాలి. కారే కుళాయికి వాషర్ మార్పించడం చిన్న పనే అయినా, సెకనుకో చుక్క చొప్పున కారే కుళాయి ఏ రోజూ గదిని ఆరనివ్వదు.

వారానికోసారి టైళ్ల సందులను పాత బ్రష్‌తో సబ్బునీటితో రుద్దాలి. తెట్టె పోతే బూజుకు మేత పోయినట్లే.

యాసిడ్‌తో చేటు

బూజు, మరకలు కనిపించగానే యాసిడ్ సీసా కోసం చెయ్యి చాచడం మన ప్రాంతంలో అలవాటు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, బేతంచెర్ల ప్రాంతాల నుంచి వచ్చే నాపరాయి, కడప బండ సున్నపురాతి జాతివి. యాసిడ్ పడగానే నురగ కక్కేది మురికి కాదు, సాక్షాత్తూ బండే. పైపొర కరిగి గరుకుదేలుతుంది. ఆ గరుకులో తడి, తెట్టె మరింతగా నిలుస్తాయి. టైళ్ల మధ్య నింపిన తెల్ల సిమెంటుదీ అదే గతి. నిమ్మరసం, వెనిగర్ కూడా నాపరాయికి పనికిరావు. బండకు మంచి చేస్తున్నామనుకుంటూ నెలనెలా దాన్ని తినేస్తున్నామన్నమాట.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను కలపడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చి ప్రాణం మీదికి తెస్తుంది. మరుగుదొడ్డి కడిగే ద్రవాల్లో చాలా వాటిలోనూ యాసిడ్ ఉంటుందన్నది మరవరాదు. ఒకదాని తర్వాత మరొకటి వాడవలసి వస్తే మధ్యలో పుష్కలంగా నీటితో కడిగి, వేరే రోజు వాడటం క్షేమం.

సరైన పద్ధతి ఇది. ముందుగా తలుపు, వెంటిలేటర్ తెరవాలి. ముక్కుకు, నోటికి మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు ధరించాలి. పొడిగా ఉన్న బూజును చీపురుతో దులపరాదు. అలా చేస్తే బీజాలు ఇల్లంతా చెదురుతాయి. తడిపిన గుడ్డతో, సబ్బునీటితో లేదా సోడా ఉప్పు కలిపిన నీటితో రుద్ది తుడవాలి. గట్టి టైళ్లపై మచ్చలు మిగిలితే నాలుగు లీటర్ల నీటికి ఒక కప్పు మించకుండా బ్లీచింగ్ ద్రవం కలిపి పూసి, పది నిమిషాల తర్వాత కడిగి, ఆరబెట్టాలి. సిమెంటు పూతలో లోతుగా దిగిన బూజుపై బ్లీచింగ్ అంతగా పనిచేయదు. పైరంగు వెలుస్తుందే కానీ వేరు మిగిలిపోతుంది. అలాంటి చోట పూత గీకి తీసి, తడి మూలాన్ని సరిచేసి, పూర్తిగా ఆరాకే కొత్త పూత వేయాలి. బూజు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పును మించి వ్యాపించిందంటే ఇంటివారు స్వయంగా తంటాలు పడకుండా అనుభవమున్నవారితో చేయించుకోవడం మంచిది.

రైతుకు తెలిసిన సూత్రమే

రైల్వేకోడూరు పరిసరాల్లో బొప్పాయి, అరటి, మామిడి, నిమ్మ సాగుచేసే రైతులకు శిలీంధ్రం కొత్త కాదు. మామిడి పూతపై బూడిద తెగులు ఏ వాతావరణంలో ముంచుకొస్తుందో వారు చూడగానే చెబుతారు. చెట్ల మధ్య ఎడం, కొమ్మల కత్తిరింపు, మడిలో నీరు నిలవకుండా చూడటం ముందు, మందు తర్వాత. స్నానాల గదికీ ఇదే వరుస వర్తిస్తుంది. అయితే తోటకు వాడగా మిగిలిన శిలీంధ్రనాశినులను గదిలో పిచికారీ చేయడం ఎంతమాత్రం తగదు. అవి ఆరుబయలు పంటల కోసం తయారైనవి, మూసిన గదిలో మనుషులు పీల్చడానికి కాదు.

పూర్వులు వాడిన సున్నం ఇప్పటికీ చవకైన విరుగుడు. తడి సున్నానికి క్షార గుణం ఎక్కువ. ఆ క్షారంలో బూజు మొలకెత్తలేదు. పైగా సున్నపు పూత గోడను ఊపిరాడనిస్తుంది, లోపలి తడి బయటికి పోతుంది. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం క్రమేణా సుద్దగా మారుతుంది, క్షారం తగ్గుతుంది. అందుకే ఏటేటా వేయాలి. ఈశాన్య రుతుపవనాల ముసురు వెళ్లాక సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం కొట్టే ఆచారంలో పండుగ శోభతోపాటు ఈ ప్రయోజనమూ ఇమిడి ఉంది. టైళ్లు లేని పైగోడకు, పైకప్పుకు ఇది చాలును. ఆయిల్ పెయింట్ ఉన్న గోడపై సున్నం నిలవదు. రంగే వేయదలిస్తే బూజు నిరోధక గుణమున్నవి ఎంచుకోవాలి. సాధారణ డిస్టెంపర్ తడిగదికి తగినది కాదు. బూజును తుడవకుండా దానిపైనే రంగు వేస్తే డబ్బు గోడకు పూసినట్లే.

కొత్తగా కట్టేవారు గమనించాల్సినవి

కట్టేటప్పుడు పెట్టే చిన్న శ్రద్ధ తర్వాతి మరమ్మతు ఖర్చును తప్పిస్తుంది. బేల్దారి పని మొదలుపెట్టక ముందే ఇంటి యజమాని కొన్ని విషయాలు పట్టుబట్టి చేయించుకోవాలి.

పునాది గోడ పైన తేమ నిరోధక పొర వేయించాలి. స్నానాల గదిని వీలైతే పడమర లేదా దక్షిణపు బయటి గోడకు ఆనించితే మధ్యాహ్నపు ఎండకు గోడ వెచ్చగా ఉండి త్వరగా ఆరుతుంది. నేల వాటం తూమువైపు అడుగుకు పావు అంగుళం చొప్పున ఉండాలి. టైళ్లు పరిచాక బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎక్కడా నిలవలేదని తేలాకే మేస్త్రీ లెక్క తేల్చాలి. గోడ, నేల కలిసే మూలల్లో సిమెంటును గుండ్రంగా తీర్చి, నీటి నిరోధక పూతను నేలతోపాటు గోడకు కనీసం అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే చోట తల ఎత్తు వరకు వేయాలి. టైళ్లు అతికించక ముందే 24 గంటల నీటి పరీక్ష చేయాలి. టైళ్లు వేశాక లోపం బయటపడితే మళ్లీ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. సిమెంటు పనికి కనీసం వారం రోజులు నీళ్లు పట్టకపోతే ఏ రసాయనం కలిపినా బీటలు తప్పవు.

గనుల పేలుళ్ల అదురుకు గోడలు బీటలు వారుతున్నాయన్న మాట మంగంపేట పరిసర గ్రామాల్లో చాలా కాలంగా వినిపిస్తున్నదే. బీటకు కారణం ఏదైనా, దాని గుండా వాననీరు ఇంకడం మాత్రం ఖాయం. వెంట్రుకవాసి బీటలను సైతం వానాకాలానికి ముందే నింపించుకోవాలి. నీరు కాంక్రీటులోకి దిగి కమ్మీకి చేరితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే పైకప్పు పెచ్చులుగా ఊడి పడుతుంది.

ఊపిరితిత్తులకు తప్పని భారం

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. బూజు బీజాలు పడనివారికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద వస్తాయి. పగలంతా గనుల్లో, మిల్లుల్లో ధూళి మధ్య పనిచేసి వచ్చే కూలీలకు కనీసం ఇంట్లోనైనా శుభ్రమైన గాలి దక్కాలి. పసిపిల్లలు, వృద్ధులు, మధుమేహం ఉన్నవారు ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

2021లో కొవిడ్ రెండో విడత తర్వాత బ్లాక్ ఫంగస్ పేరు మారుమోగింది. నాటి నుంచి స్నానాల గదిలోని నల్లమచ్చను చూసి అదేనని బెంబేలెత్తేవారున్నారు. రెండూ ఒకటి కావు. మ్యూకర్‌మైకోసిస్ అనే ఆ వ్యాధికి కారణం వేరే తరగతి శిలీంధ్రాలు. మధుమేహం అదుపు తప్పినవారిలో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అది సోకింది. గోడ మీది బూజు రంగు నల్లగా ఉన్నంత మాత్రాన ఆ జబ్బు రాదు. భయం అక్కర్లేదు కానీ నిర్లక్ష్యమూ తగదు. ఇంట్లో ఉన్నప్పుడు ముదిరి, ఊరెళితే తగ్గే దగ్గు ఉంటే వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి.

వరద తాకిన ఇళ్లకు

2021 నవంబరు వరదలో రాజంపేట మండలంలోని పులపత్తూరు, మందపల్లె వంటి చెయ్యేటి ఒడ్డు ఊళ్ల ఇళ్లు నీట మునిగాయి. అటువంటి విపత్తు తర్వాత గోడ పైకి ఆరినట్లు కనిపించినా లోపల తడి మిగిలి ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. ముందుగా ఒండ్రును కడిగి, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. నానిన చెక్క తలుపులు, అట్టలు, పరుపులు తొలగించాలి. ప్లాస్టిక్ పరీక్షలో గోడవైపు తడి కనిపించడం మానేదాకా పుట్టీ, రంగు జోలికి పోరాదు. తొందరపడి వేసిన రంగు తడిని లోపలే బంధించి, వచ్చే వానకు పొక్కులై లేస్తుంది.

ముందు ఏది, తర్వాత ఏది?

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు వరుస పాటిస్తే చాలు. మొదట కారే కుళాయి బాగుచేయాలి. రెండోది వెంటిలేటర్‌కు అడ్డు తీసి జాలీ బిగించాలి. మూడోది వైపర్ కొని గది ఆరబెట్టే అలవాటు చేసుకోవాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు ఖరీదుకు మించదు. అప్పటికీ ఉప్పు చెమ్మగిల్లుతుంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి ఆలోచించాలి. ప్లాస్టిక్ పరీక్షలో గోడవైపు తడి తేలితే మాత్రం మేస్త్రీని పిలిపించి ఊట మూలాన్ని పట్టాలి. రంగు వేయడం అన్నిటికంటే చివరి పని.

నీటి విలువ ఈ సీమ వాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. బిందెడు నీటి కోసం మైళ్లు నడిచిన తరం ఇంకా కళ్లెదుటే ఉంది. ఆ నీరు వాడుకున్న తర్వాత ఎక్కడికి పోతోందో కూడా అంతే శ్రద్ధగా గమనిస్తే గోడ నిలుస్తుంది, ఆరోగ్యం నిలుస్తుంది. ముసురు రోజులు రాకముందే, ఎండ చేతిలో ఉండగానే ఈ పని ముగించుకోవడం ఉత్తమం.